గజ్జె కట్టినోడా, గిటారు పట్టినోడా?

ఇప్పుడు మన గల్లీల్లో ఎవరిని చూసినా రాక్‌స్టారే. రెండు సిక్సర్లు కొట్టిన పోరడు రాక్‌స్టార్. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల రాక్‌స్టార్. సినిమా పోస్టర్ల మీద దేవిశ్రీప్రసాద్ పేరుకు ముందు అదే బిరుదు. మాట ఇంత చవకైనప్పుడు దాని అసలు బరువెంతో ఒకసారి తూచి చూడాలె. ఎందుకంటే ఈ మాట పట్టుకునే మన ఖోలీల్లో లొల్లి నడుస్తున్నది. "నాకు గిటారు కావాలె" అని పోరడు, "ముందు ఐటీఐ పాసవురా" అని నాయిన. "పాటల పోటీకి పోత" అని బిడ్డ, "నలుగురిలో ఆ ఎగురుడేంది" అని అవ్వ. రెండు దిక్కులా న్యాయం ఉంది. అందుకే ఈ నెల దీని సంగతే మాట్లాడుకుందాం.

వర్లీలో బాంబే డైయింగ్ మిల్లు కాంపౌండులో 2006లో హార్డ్ రాక్ కేఫే తెరిచారు. మన దేశంలో ఆ కంపెనీకి అదే మొదటి హోటల్. పేరున్న గాయకుల గిటార్లు, కోట్లు అద్దాల్లో పెట్టి గోడలకు తగిలించడం వాళ్ల పద్ధతి. మరుసటేడు లోయర్ పరేల్‌లో మథురాదాస్ మిల్లు కాంపౌండులో బ్లూ ఫ్రాగ్ అని పాటల క్లబ్బు పెట్టారు. ఫీనిక్స్ మిల్లు సంగతి చెప్పేదేముంది, మాల్ అయి కూర్చుంది. మన తాతలు, నాయినలు భోంగా కూయంగనే పాళీకి ఉరికిన జాగలవి. ఇప్పుడు మన పిల్లలు అక్కడికి పోతే సెక్యూరిటీ బట్టలేసుకొని గేటు దగ్గర నిలబడడానికి, లేకుంటే ప్లేట్లు మోయడానికి. లోపల మోగే ఆ సంగీతం దొరలది, మనది కాదని మనవాళ్లు అనుకుంటారు. కానీ దాని పుట్టుక చూస్తే అది అచ్చంగా మనలాంటి వాళ్లదే.

రాక్ సంగీతానికి వేర్లు పత్తి చేన్లలో ఉన్నాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు, వాళ్ల పిల్లలు పత్తి ఏరుతూ పాడుకునేవాళ్లు. ఒకరు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకునేవాళ్లు. మన నాట్ల పాట ఎట్లుంటదో గట్లనే. ఆ పాటల్లోంచి బ్లూస్ వచ్చింది, బ్లూస్‌లోంచి రాక్ అండ్ రోల్ వచ్చింది. ఆ పత్తికీ మన ముంబైకీ కూడా లంకె ఉంది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం నడిచినప్పుడు అక్కడి పత్తి ఇంగ్లండుకు పోవడం ఆగింది. అప్పుడు బొంబాయి నుంచి పోయే పత్తికి విపరీతంగా గిరాకీ వచ్చింది. షావుకార్ల దగ్గర డబ్బు గుట్టలు పడింది. 1854లో తార్‌దేవ్‌లో కావస్‌జీ దావర్ పెట్టిన కంపెనీతో మొదలైన మిల్లులు ఆ తర్వాత పదులకొద్దీ లేచాయి. అంటే పత్తి ఏరినోళ్ల పాట సముద్రానికి ఆ ఒడ్డున, పత్తి వడికి నేసినోళ్ల పాట ఈ ఒడ్డున.

మడ్డీ వాటర్స్ అని ఒకాయన ఉండేవాడు. మిసిసిపీలో ఒక దొర పొలంలో కూలి. 1941లో జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ ఆ పొలానికే వచ్చి ఆయన పాటను రికార్డు చేశాడు. తన గొంతు తాను విన్నాక ఆయనకు ధైర్యం వచ్చింది. 1943లో షికాగో వెళ్లి, పగలు పని, రాత్రి పాటగా బతికాడు. ఇంగ్లండులో రోలింగ్ స్టోన్స్ అనే పెద్ద బృందం తన పేరును ఆయన పాటలోంచే తీసుకుంది. కూలివాని పాట లేకుంటే ఆ పేరే లేదు.

ఇంకొక సంగతి వినండి, ఇది సాంచె మీద చెయ్యి పోగొట్టుకున్న ఇండ్లవాళ్లకు బాగా అర్థమవుతుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కార్ఖానాల ఊరు. టోనీ అయోమీ అనే పదిహేడేండ్ల పిల్లగాడు రేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. పని మానేద్దామనుకున్న చివరి రోజున మెషీన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి గిటారు తీగలు నొక్కేది ఆ కుడిచేతి వేళ్లతోనే. ఇక అయిపోయిందనుకున్నారు. ఆయన ప్లాస్టిక్ సీసా ఒకటి కరిగించి, వేళ్లకు టోపీల లెక్క చేసుకొని, పైన తోలుముక్క అతికించుకున్నాడు. నొప్పి తగ్గడానికి తీగలు వదులు చేశాడు. తీగలు వదులైతే మోత బరువుగా, లోతుగా వచ్చింది. 1970లో ఆయన బృందం బ్లాక్ సబాత్ మొదటి రికార్డు వచ్చింది. ప్రపంచమంతా హెవీ మెటల్ అని పిలుస్తున్న సంగీతానికి ఆ మోతే పునాది. కార్ఖానా తీసుకుపోయిన వేళ్లతోనే ఆ చప్పుడు పుట్టింది.

ఇప్పుడు మన ఒడ్డుకు వద్దాం. లాల్‌బాగ్, పరేల్ గిర్నీగావ్‌గా బతికిన రోజుల్లో అక్కడి రాక్‌స్టార్ ఎవరంటే షాహీర్. సాంగ్లీ జిల్లా వాటేగావ్‌లో 1920లో పుట్టిన అణ్ణాభావు సాఠే చిన్నప్పుడే ముంబై చేరి మిల్లులో పనిచేశాడు. సరిగా బడికి పోలేదు. 1944లో అమర్ షేఖ్, గవాణ్కర్‌లతో కలిసి లాల్ బావ్‌టా కళాపథక్ పెట్టాడు. చేతిలో డఫ్, వెనుక ఇద్దరు ముగ్గురు వంత. ఇల్లాలిని ఊర్లో విడిచి ముంబైకి వచ్చిన మనిషి గోస మీద ఆయన కట్టిన పాట సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో మైదానాలను ఊపింది. మరాఠీ పాటే గానీ, పాలమూరు, కరీంనగర్, నల్లగొండ నుంచి వచ్చిన మన తాతలకు దాని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. వాళ్ల బతుకు కూడా అదే కదా.

మరి మన తెలుగులో? నా లెక్కన ఒకే పేరు ముందుకొస్తుంది. గద్దర్.

అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో 1949లో పుట్టాడు. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదువుకు చేరి మధ్యలో విడిచిపెట్టాడు. కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరి, 1984లో ఆ కొలువూ వదిలేశాడు. ఇప్పుడు మన ఇంట్లో పోరడు ఇట్ల చేస్తే ఊరుకుంటామా? జన నాట్య మండలితో ఊరూరా తిరిగాడు. భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర. రంగుల లైట్లు లేవు, పొగ లేదు. డప్పు మోగితే చాలు.

ఆయన పాటలో కిటుకు ఏమిటి? ఒకటి, బాణీ కొత్తది కాదు. నాట్లేసే అమ్మ పాట, జోలపాట, ఒగ్గుకథ, వీధి భాగోతం, ఇవన్నీ జనం చెవిలో ముందే ఉన్నవి. పాత బాణీలో కొత్త మాట పెట్టేవాడు. రెండు, పాదం చిన్నది. ఒక్కసారి వింటే నోటికొచ్చేస్తది. కాయితం అక్కరలేదు, చదువు అక్కరలేదు. మూడు, పాట మధ్యలో జాగ ఉంటది. ఆయన అన్నదానికి జనం బదులు పలకడానికి ఉంచిన జాగ అది. ఆ జాగలో కూచున్నవాళ్లు లేచి పాడేవాళ్లవుతారు. అజ్ఞాతం నుంచి బయటికొచ్చాక 1990 ఫిబ్రవరిలో హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో జన నాట్య మండలి సభ పెడితే రెండు లక్షల మంది వచ్చారని చెప్పుకుంటారు. టికెట్టు లేదు, టీవీ ప్రచారం లేదు.

ఇదే కిటుకు అవతలి ఒడ్డున కూడా ఉంది. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బల్సారా. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ పిల్లగాడు, మన మహారాష్ట్రలోనే పంచగనిలో హాస్టల్‌లో ఉండి చదువుకున్నాడు. బడిలో ఉన్నప్పుడే ది హెక్టిక్స్ అని చిన్న బృందంలో వాయించాడు. 1985 జూలై 13న లండన్ వెంబ్లీ మైదానంలో డెబ్బై వేల మంది ముందు ఆయన పాడింది ఇరవై నిమిషాలు. అందులో జనానికి ఎక్కువ యాదున్నది ఏ పాటా కాదు. ఆయన ఒక కూత వేస్తే మైదానమంతా తిరిగి అదే కూత వేయడం. మాటలు లేవు, అర్థం లేదు. అయినా డెబ్బై వేల గొంతులు ఒక్కటైనాయి. తూప్రాన్ మనిషికీ పంచగనిలో చదివిన మనిషికీ తెలిసిన విద్య ఒక్కటే. పాటను తన దగ్గరే ఉంచుకోకుండా జనం చేతికి ఇవ్వడం.

అసలు రాక్‌స్టార్‌ను గుర్తుపట్టే కొలత నాకు ఇక్కడే దొరికింది. పాడేవాడు నోరు మూసుకున్నాక కూడా పాట నడుస్తున్నదా? నడిస్తే అతనే స్టార్. ఆగిపోతే అది లైటింగు మహిమ.

గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాలో గద్దర్ కనిపించి పాడిన బండి పాట గద్దర్ రాసింది కాదు. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో యాదగిరి కట్టింది. నైజాం దొరను నిలదీసిన ఆ పాట యాదగిరి గొంతు నుంచి జనంలోకి, జనం నుంచి గద్దర్ గొంతుకు, అక్కడి నుంచి తెలంగాణ ఉద్యమానికి చేరింది. మధ్యలో ముప్పై, అరవై ఏండ్లు గడిచినయ్. పాట మాత్రం ముసలిది కాలేదు. తెలంగాణ ఉద్యమం నాడు ముంబైలో మనవాళ్లు పెట్టుకున్న సభల్లో తెలుగు చదవడం రాని పిల్లలు కూడా ఉద్యమ పాటలు గొంతెత్తి పాడారంటే, పాట చేతులు మారడం అంటే అదే.

ఇక ఖరీదు సంగతి. పాటకు కూడా ధర కట్టాల్సి వస్తది. 1997 ఏప్రిల్ 6న హైదరాబాద్‌లో గద్దర్ ఇంటికొచ్చి కాల్చారు. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. దాన్ని మోసుకుంటూ ఇంకో ఇరవై ఆరేండ్లు ఎగిరి పాడాడు. 'ఒరేయ్ రిక్షా' సినిమాలో అన్నాచెల్లెళ్ల మీద రాసిన పాటకు నంది అవార్డు ఇస్తామంటే వద్దన్నాడు. 2023 ఆగస్టు 6న పోయాడు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టి, 2025 జూన్‌లో మొదటిసారి పంచింది. అవార్డు వద్దన్నవాని పేరే అవార్డు అయింది.

గద్దర్‌తో పేచీ ఉన్నవాళ్లు మన చాళ్లలోనే ఉన్నారు. తుపాకీ దారిని మెచ్చిన పాటలు తప్పన్నవాళ్లు ఉన్నారు. చివరి రోజుల్లో ఓటు వేశాడని, గుళ్లకు పోయాడని, లీడర్లతో కలిశాడని నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. 2018లోనే ఆయన మొదటిసారి ఓటు వేశాడు. ఆ పేచీలు పెట్టుకోవచ్చు. మనిషి దారి మార్చుకున్నాడని తిట్టినవాళ్లు కూడా పొలంలో, సభలో ఆ పాటలే పాడుతున్నారు. పాట అప్పటికే ఆయన చెయ్యి దాటి పోయింది మరి.

మిల్లు మనుషులం మనం, ఇంకొక పేరు మరిచిపోవద్దు. బెల్లి లలిత. నల్లగొండ జిల్లా బిడ్డ, భువనగిరిలో స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు. రోజంతా నూలు దగ్గర పని. సాయంత్రం గజ్జె కట్టి నల్లగొండ నీళ్ల గోసను, తెలంగాణ గోసను పాడేది. 1999 మే నెలలో ఆమెను ఎత్తుకుపోయి చంపి, ముక్కలు చేసి పారేశారు. అప్పటికి ఆమెకు ఇరవై ఐదేండ్లు. ఆమెకు స్టేజీ షోలు లేవు, కంపెనీ లేదు. అయినా పదిహేనేండ్ల తర్వాత తెలంగాణ వచ్చిననాడు జనం ఆమె పేరు తలుచుకున్నారు. "ఆడపిల్లకు పాటేంది" అనే అవ్వలు, అక్కలు ఈ ఒక్క పేరు యాది పెట్టుకోండి. అన్ని మైకులున్న మగవాళ్లకు రాని ధైర్యం సాంచె దగ్గర నిలబడిన ఆ పిల్లకు వచ్చింది.

పిల్లలకు కూడా ఒక మాట చెప్పాలె. తాగుడు, మత్తు, అర్ధరాత్రి తిరుగుళ్లు, ఇవే రాక్‌స్టార్ లక్షణాలని సినిమాలు చూపిస్తాయి. కర్ట్ కోబెన్ అనే అమెరికా గాయకుడు ఎంతో గొప్ప పాటలు కట్టినవాడు, 1994లో ఇరవై ఏడేండ్లకే ప్రాణం తీసుకున్నాడు. మత్తు ఆయనకు పాట ఇయ్యలేదు, ఉన్న పాటను గుంజుకపోయింది. అట్లాగే కొలువు విడిచిపెడితేనే కళాకారుడు అవుతారన్నది కూడా అబద్ధం. మడ్డీ వాటర్స్ పొలంలో పనిచేస్తూ పాడాడు, లలిత మిల్లులో పనిచేస్తూ పాడింది, గద్దర్ బ్యాంకులో ఉంటూ ఏండ్ల తరబడి పాడాడు. ఐటీఐ పాసవు, గిటారూ నేర్చుకో. రెండూ ఒక చేతికి పట్టేవే.

పెద్దలకు కూడా ఒక మాట. మనలో ఒక రోగం ఉంది. పోరడు డ్రమ్స్ నేర్చుకుంటానంటే ఫీజు కడతాం. డప్పు నేర్చుకుంటానంటే మాత్రం "గదేం పని" అని ముఖం మాడ్చుకుంటాం. అదీ వాయిద్యమే, ఇదీ వాయిద్యమే. డప్పును ఒక కులానికి కట్టి, ఆ కులాన్ని ఊరి అవతల పెట్టిన బుద్ధిని రైలెక్కి వచ్చేటప్పుడు కొందరం మూటలో కట్టుకొచ్చినం. గద్దర్ ఆ డప్పును మైదానం నడుమ నిలబెట్టాడు. మన ఇంటి ముందు దానికి జాగ లేకుంటే ఆయన ఫోటోకు దండ వేసి ఏం లాభం?

ముంబైలో పాట ఇంకా గల్లీల్లోంచే వస్తున్నది. కుర్లా పిల్లగాడు నేజీ 2014లో చేతిలో ఉన్న ఐప్యాడ్ మీదే పాట రికార్డు చేసి, వీడియో తీసి వదిలాడు. అంధేరి జె.బి. నగర్ నుంచి డివైన్ వచ్చాడు. వాళ్ల బతుకుల నుంచి పుట్టిన కథతోనే 2019లో 'గల్లీ బాయ్' సినిమా వచ్చింది. స్టూడియో కావాలె, సూట్‌కేసుల డబ్బు కావాలె అనే సాకు అక్కడితో పోయింది. వాళ్లు తమ గల్లీ హిందీని సిగ్గుపడకుండా పాటలో పెట్టారు. మన పిల్లలు కూడా హిందీ, మరాఠీ, ఇంగ్లీషు కలిపి ర్యాప్ కడుతున్నారు. బాగుంది. అందులో ఇంట్లో అవ్వతో మాట్లాడే తెలుగు ఎందుకు లేదు? కామాఠిపురా అన్న పేరే మన కామాటి పనివాళ్ల మీద వచ్చింది. పద్నాలుగు గల్లీలున్న ఆ ఊరి గురించి బయటివాళ్లు ఒకే కథ చెప్తారు, ఒకే రకం సినిమా తీస్తారు. ఈ నగరాన్ని రాయి మోసి, సున్నం కలిపి కట్టినవాళ్ల కథ, 1982 జనవరి 18న మొదలైన సమ్మెకు దిగిన రెండున్నర లక్షల మంది కార్మికుల వెనుక కథ ఎవరు పాడాలె? తూప్రాన్ నుంచి ఎవరూ రారు. మన ఖోలీలోంచే రావాలె.

టైము మాత్రం తక్కువగా ఉంది. వర్లీ బి.డి.డి. చాళ్లలో 160 చదరపు అడుగుల ఖోలి పోయి 500 అడుగుల ఫ్లాట్లు వస్తున్నాయి. 2025 ఆగస్టులో మొదటి తాళంచేతులు చేతికిచ్చారు. కామాఠిపురాకు కూడా కొత్త కట్టడాల మాట నడుస్తున్నది. సొంత సండాసు, లిఫ్టు, పిల్లలకు చదువుకునే మూల, ఇవి మనవాళ్లకు ఎప్పుడో రావాల్సినవి. రానీ. కానీ చాళీ గ్యాలరీలో ఒక ఖోలీలో పాట ఎత్తుకుంటే నాలుగో ఖోలీలో అందుకునేవాళ్లు. పాట జనం చేతికి పోయే మొదటి మైదానం ఆ గ్యాలరీనే. ఇరవయ్యో అంతస్తులో తలుపు మూసుకున్నాక ఎవరు అందుకుంటారు? గణపతి ముందు డీజే పెట్టి, చెవులు పగిలే పాటకు ఎగురుతున్నాం. మోత ఎంత పెద్దదైనా అందులో మన గొంతు ఒక్కటీ లేదు. అందరం వినేవాళ్లమే అయినం.

కాబట్టి మండళ్ల పెద్దలకు నా విన్నపం చిన్నది. వచ్చే గణపతికి, బతుకమ్మకు, ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతికి రోజుకొక అరగంట డీజే ఆపండి. ఆ అరగంట మన గల్లీ పిల్లలకివ్వండి. షరతు ఒక్కటే, పాట సొంతంగా కట్టింది కావాలె, అందులో మన తెలుగు ఉండాలె. గిటారు తెచ్చినా సరే, డప్పు తెచ్చినా సరే, ఉత్త చప్పట్లతో పాడినా సరే. పిల్లలూ, మీరు కూడా సెలవునాడు ఫోన్ పట్టుకొని మిల్లులో పనిచేసిన తాత దగ్గర, నాట్లేసిన నాయినమ్మ దగ్గర కూచోండి. వాళ్లకొచ్చిన పాటలు రికార్డు చేసుకోండి. బాణీలు అక్కడ ఉన్నాయి, మాటలు మీవి పెట్టుకోండి.

ఆ అరగంటలో ఎవరో ఒక పిల్ల పాడి దిగిపోతది. మర్నాడు పొద్దున నల్లా దగ్గర బిందె పెట్టుకొని నిలబడిన అక్క ఆ పాటే కూనిరాగం తీస్తూ ఉంటే, ఆ పిల్ల పేరు నాకు రాసి పంపండి. ఈ పేజీలో వేసుకుందాం.